ఆది చొక్కా

మా నాన్నకి తెల్ల చొక్కాలు రెండే ఉండేవి. మిగతావన్నీ ఖాకీ. నరసరావుపేట డిపోలో కండక్టరుగా చేసేవాడు. పెళ్ళిళ్ళకీ, బ్యాంకు పనికీ, నా స్కూలు ఫీజు కట్టడానికీ ఆ రెండిట్లో ఒకటి తొడుక్కునేవాడు. 2007లో ఆయన పోయాక ఒకదాన్ని ఎవరికో ఇచ్చేశారు. రెండోది అమ్మ ట్రంకుపెట్టెలో, కలరా ఉండల మధ్య, ఐదేళ్ళు అలాగే ఉండిపోయింది. 2012లో ఆ చొక్కాని పెట్టి నేనొక షార్ట్ ఫిల్మ్ తీశాను. తొమ్మిది నిమిషాలది. ఆ ఏడాది నవంబర్‌లో ఒక ఆదివారం రాత్రి హైదరాబాద్‌లో లామకాన్ అనే ఆరుబయట వేదిక దగ్గర జనం ముందు వేశాం.

అప్పట్లో నల్లకుంటలో, శంకరమఠానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక మేడ మీది గదిలో నలుగురం ఉండేవాళ్ళం. పగలు ఉద్యోగం, రాత్రి సినిమా కబుర్లు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఏ గదిలో చూసినా ఒక కథ, ఒక కెమెరా, ఒక హీరో ఉండేవారు. కేనన్ 550డి వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు హ్యాండీక్యామ్‌తో తీస్తే పెళ్ళి వీడియోలా ఉండేది. ఈ కెమెరాకి 50 ఎంఎం లెన్సు పెట్టి తీస్తే మొహం ఒక్కటే స్పష్టంగా ఉండి వెనకంతా మసకబారేది. అది చూసి మాకు నిద్ర పట్టలేదు. రాజ్ తరుణ్, సుజీత్ లాంటివాళ్ళు షార్ట్ ఫిల్మ్‌లు తీస్తూ, నటిస్తూ పెద్ద తెర వైపు నడుస్తున్న రోజులవి. మాలో కెమెరా పట్టినవాడికి ఆ కోరిక ఉండేది. నాకు మాత్రం ఒక్క కథే ఉండేది. అది తీసేస్తే చాలనుకున్నాను.

కథ చిన్నది. కొలతలివ్వడానికి మనిషి రాలేనప్పుడు, ఒంటికి సరిపోయిన పాత బట్ట ఒకటి టైలర్‌కి ఇస్తాం కదా, ఆది అంటాం. ఒకావిడ చనిపోయిన భర్త చొక్కా తెచ్చి, దాని ఆదికి కొడుక్కి కొత్త చొక్కా కుట్టమంటుంది. కొడుకు వేరే ఊళ్ళో ఉన్నాడు, ఇంటర్వ్యూ ఉంది. "వాళ్ళ నాన్నంత అయ్యాడు, ఇది సరిపోద్ది" అంటుంది. అంతే కథ.

ఇంటి ఓనరాంటీ ఆ తల్లి వేషం వేస్తానంది. టైలర్ వేషానికి ఎంతమందిని చూసినా ఎవరికీ కత్తెర పట్టుకోవడం రాలేదు. చివరికి మా సందు చివర నిజంగా కుట్టే మాస్టారినే అడిగాం. అరవై దాటినాయన. నల్గొండ వైపు పల్లె నుంచి చిన్నప్పుడే పట్నం వచ్చేశాడు. ఆరడుగుల వెడల్పు షాపు. ఒక ఉషా మిషను, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె, గోడకి దేవుడి పటం, మేకుకి గుచ్చిన రశీదులు. ప్రతి రశీదుకీ బట్టలో కత్తిరించిన చిన్న ముక్క పిన్ను కొట్టి ఉండేది. "పేరు మర్సిపోత గని, బట్ట మర్సిపోను" అనేవాడు. యాక్టింగ్ రాదన్నాడు. మీరు రోజూ చేసే పనే చేయండి, మేం పక్కన నిలబడి తీసుకుంటాం అన్నాను. "పని ఆపద్దంటే సరే" అన్నాడు.

చొక్కా కావాలని అమ్మకి ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అడిగింది: "కత్తిరించరు కదా?" లేదన్నాను. పేట నుంచి వస్తున్న ఒక కండక్టరు చేతికి, నాన్నతో కలిసి పనిచేసినాయనే, పేపర్లో చుట్టి ఇచ్చి పంపింది. తెల్లవారుజామున ఇమ్లీబన్ బస్టాండ్‌కి వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ పొట్లం గదికి వచ్చేదాకా విప్పలేదు.

మే నెలలో మూడు రాత్రులు షూటింగ్. కెమెరా అద్దె రోజుకి వెయ్యి రూపాయలు. గిరాకీలంతా వెళ్ళిపోయాక, తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా తీసేవాళ్ళం. మొదటి రాత్రి తీసిందంతా పోయింది. ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే ప్రతి షాట్‌లోనూ తెర మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. లెన్సు పాడైందనుకున్నాం, కార్డు పాడైందనుకున్నాం. రెండు రోజులు వెతికితే తెలిసింది, కారణం షాపులో ట్యూబ్‌లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి పాత చోకుతో వెలిగే ట్యూబ్‌లైటు సెకనుకి వంద సార్లు మిణుకుతుంది. కంటికి ఆనదు. మా కెమెరా ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా వీడియో పద్ధతిలో, సెకనుకి 30 ఫ్రేములకి పెట్టి ఉంది, షట్టర్ సెకనులో అరవయ్యో వంతు. ఆ లెక్కకీ ఈ లెక్కకీ పొంతన కుదరక చారలు. మన దేశంలో వాడే పాల్ పద్ధతికి మార్చి, 25 ఫ్రేములు పెట్టి, షట్టర్ యాభయ్యో వంతుకి తెస్తే చారలు మాయమైపోయాయి. ఇప్పుడు ఫోన్లు ఆ పని వాటంతటవే చేసుకుంటున్నాయి. అప్పుడు మాత్రం ఆ రహస్యం తెలిసినందుకు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

రెండో రాత్రి తీసినదాని గురించే అసలు చెప్పాలి.

ఆంటీ చొక్కా ఇవ్వడం, మాస్టారు తీసుకుని బల్ల మీద పరిచి టేపుతో కొలవడం, ఇదీ షాట్. కొలిచే చేతుల్ని మాత్రమే తీద్దామనుకున్నాం. ఆ కెమెరాలో ఒక క్లిప్పు 4 జీబీ నిండగానే, అంటే పన్నెండు నిమిషాలు కావస్తుండగానే, రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది. ఆపకుండా తీస్తూ పొమ్మన్నాను. మాస్టారు మా సంగతి మర్చిపోయాడు. చొక్కాని బల్ల మీద పరిచి అరచేత్తో రెండు సార్లు సవరదీశాడు. కాలర్ లోపలి వైపు తిప్పి బక్రం, అంటే లోపల వేసే గట్టి గుడ్డ, నలిపి చూశాడు. ఛాతీ, పొడవు, చేతి పొడవు కొలిచి సుద్దముక్కతో బల్ల మీదే అంకెలు వేసుకున్నాడు. భుజాల దగ్గరికొచ్చాడు. కుడివైపు కొలిచాడు, ఎడమవైపు కొలిచాడు. మళ్ళీ కుడివైపు. టేపు వదిలేసి, రెండు భుజాల కుట్ల మీదా చెరొక బొటనవేలు పెట్టి, చొక్కాని దీపం వైపు ఎత్తి చూశాడు.

"ఎడమ బుజం అరించు దిగింది" అన్నాడు. "సంచి మోసే మనిషా అమ్మా? కుట్టినోడు గూడ కనిపెట్టిండు, ఆ పక్క తగ్గిచ్చి కుట్టిండు."

ఈ మాట స్క్రిప్టులో లేదు. అది ఎవరి చొక్కానో మాస్టారికి నేను చెప్పలేదు. సినిమా కోసం ఎక్కణ్ణుంచో తెచ్చిన పాత చొక్కా అనుకున్నాడు. మా నాన్న కండక్టరని ఆంటీకి తెలుసు. ఆవిడ ఒక్క క్షణం కెమెరా పక్కన నిలబడ్డ నా వైపు చూసింది. నేను తలూపాను. అప్పుడు మాస్టారి వైపు తిరిగి, "అవునండీ, కండక్టరు" అంది. ఆ చూపు సినిమాలో అలాగే ఉంది. చూసినవాళ్ళు ఆమె భర్తని తలుచుకుని చూసిందనుకుంటారు.

పాతికేళ్ళు ఆ తోలుసంచి పట్టీ ఎడమ భుజం మీంచి అడ్డంగా వేసుకుని, సంచి కుడి తుంటి మీద ఆనించి, కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టాడాయన. ఇంట్లో నేను రోజూ చూసిన మనిషి. ఆయన భుజం వాలిందని నాకు తెలీదు. పేటలో ఆ చొక్కా కుట్టిన ఎవరో టైలర్‌కి తెలుసు. నల్లకుంటలో ఇంకో టైలర్‌కి, మనిషిని చూడకుండానే, తెలిసిపోయింది.

ఆ రాత్రి గదికొచ్చి చూసుకుంటే ఇంకో దెబ్బ. శబ్దం కోసం విడిగా పెట్టిన ఫోన్ రికార్డరు ఆన్ చేయడం మర్చిపోయాం. కెమెరాకున్న చిన్న మైకులో పడిన శబ్దమే మిగిలింది. దాన్నిండా ఫ్యాను రొద, మధ్యలో సందులోంచి పోయిన మోపెడ్. డబ్బింగ్ చెప్పిద్దామని మాస్టారిని గదికి పిలిచి, ప్రతిధ్వని రాకుండా మంచం మీద కూర్చోబెట్టి బొంత కప్పి, అదే మాట చెప్పమన్నాం. పది సార్లు చెప్పాడు పాపం. పాఠం అప్పజెప్పినట్టుంది. ఆయన చేతిలో చొక్కా లేదు మరి. ఫ్యాను రొద ఉంటే ఉండనీ అని మొదటిదే ఉంచేశాం. ఆ నిర్ణయం మంచిదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ మాట వచ్చాక కథ మారక తప్పలేదు. కొడుకు చొక్కా ఎలా కుట్టాలి? ఆదికి ఇచ్చిన దానిలో ఒక భుజం దిగి ఉంది. అలాగే కుట్టాలా, సమానంగా కుట్టాలా? మూడో రాత్రికి ముందు మాస్టారినే అడిగాను. ఆయన సుద్దముక్క అరగదీసుకుంటూ, "ఆది కొలతకు ఇస్తరు బిడ్డా, కష్టానికి ఇయ్యరు. పోరగాడు ఇంక ఏం మోసిండని? సమానంగనే కుడ్త" అన్నాడు. సినిమాకి అదే క్లైమాక్స్ అయింది. మాటలు వద్దనుకున్నాం. రెండు చొక్కాలూ ఒకదానిమీద ఒకటి పరిచి, పాతదాని భుజం దగ్గర వేలు ఆపి, కాసేపు ఆలోచించి, కొత్త బట్ట మీద రెండు వైపులా ఒకే ఎత్తులో సుద్దగీత గీస్తాడు. మేం మొదలుపెట్టేసరికి కరెంటు పోయింది. ఆ వేసవిలో కోతలు మామూలే. మాస్టారు అలవాటుగా కొవ్వొత్తి వెలిగించి పని సాగించాడు. మేమూ ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే శక్తి, 3200కి పెంచి తీశాం. ఆ వెలుగులో ఆయన మొహం, చేతుల నరాలు, సుద్దగీత. అంత మంచి షాట్ నేను మళ్ళీ తీయలేదు.

ఎడిటింగ్ మూడు నెలలు సాగింది. ఐఎస్ఓ అంత పెంచడంతో కొవ్వొత్తి సీనులో నూక పోసినట్టు చుక్కలు కనిపిస్తున్నాయని, అవి దాక్కునేలా నీడల్ని ఇంకా నల్లగా దించాం. రాత్రిపూట, లైటు తీసేసి, ల్యాప్‌టాప్ వెలుతురు పూర్తిగా పెంచి చూసుకుని, అద్భుతంగా ఉందనుకున్నాం.

లామకాన్ మొదలైంది 2010లో. బంజారాహిల్స్ ఒకటో నెంబరు రోడ్డుకి లోపల, ఒక పాత ఇంట్లో. ఆ ఇంటి ఆవరణలో పెద్ద బండరాయి ఉంది, దాని ముందే ఆరుబయట వేదిక. నాటకం వేసుకోవాలన్నా, పాట పాడుకోవాలన్నా, మాలాంటివాళ్ళు సినిమా చూపించుకోవాలన్నా తలుపు తెరిచే ఉండేది. చాయ్, సమోసా తింటూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆ రాత్రి ఏడు షార్ట్ ఫిల్మ్‌లు, మాది నాలుగోది. చీకటి పడితేగానీ తెర మీద బొమ్మ కనపడదు కాబట్టి, ఆరున్నర దాకా అందరం ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాం.

అమ్మ ఆ పొద్దున్నే ఊరి నుంచి వచ్చింది. నీలం గద్వాల చీర కట్టుకుంది. చేతిసంచిలో చేగోడీల డబ్బా. మాస్టారు షాపు పెందలాడే మూసి, తను కుట్టుకున్న చొక్కా ఇస్త్రీ చేసి వేసుకుని వచ్చాడు. వెనకాల మెట్టు మీద అంచున కూర్చున్నాడు. ఎంత పిలిచినా ముందుకి రాలేదు. వంద మంది దాకా ఉంటారు. మొదటి మూడు ఫిల్మ్‌లు నేను చూడలేదు. కళ్ళు తెర మీదే ఉన్నాయి గానీ ఏమీ ఎక్కలేదు. అరచేతులు చెమట పట్టాయి.

మాది మొదలైంది. మూడొందల సార్లు చూసిన సినిమా. కానీ పద్నాలుగు అంగుళాల తెర మీద ఒంటరిగా చూడటం వేరు, పక్కన అమ్మ ఊపిరి వినిపిస్తుండగా చూడటం వేరు. ఏ షాట్ రెండు సెకన్లు ఎక్కువైందో ఒంటికి తెలిసిపోతోంది. కుర్చీ కిర్రుమంటే చాలు, అక్కడ కత్తిరించాల్సిందనిపించేది. మొదట్లో మిషను చప్పుడు విని వెనకెవరో పెద్దావిడ "మా ఇంట్లోదీ ఇదే చప్పుడు" అంది. ఆ మాటకి నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

చొక్కా పరిచాడు. అమ్మ ముందుకి వంగింది. ఆ మాట ఉందని అమ్మకి నేను చెప్పలేదు. చెప్పాలనుకుని చాలాసార్లు ఫోన్ చేశాను, నోరు రాలేదు. ఫ్యాను రొద ఆవరణంతా నిండింది. "ఎడమ బుజం అరించు దిగింది" అని మాస్టారి గొంతు అంత పెద్ద స్పీకర్లలో వినిపించింది. అమ్మ ఏడవలేదు. నా చెవి దగ్గరికి వంగి, అదేదో అప్పుడే చెప్పి తీరాలన్నట్టు, "మల్లమ్మ సెంటర్లో కుట్టించాడు ఇది. రెండోసారి తీసుకెళ్ళి సరిచేయించుకున్నాడు, భుజం దగ్గర పట్టేస్తోందని" అంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది. అయిపోయేదాకా వదల్లేదు.

కొవ్వొత్తి సీను వచ్చింది. తెర నల్లబడిపోయింది.

ల్యాప్‌టాప్‌లో మేం చూసుకున్న నీడలేవీ తెర మీద లేవు. మధ్యలో కొవ్వొత్తి మంట ఒక్కటి, చింతగింజంత, దాని చుట్టూ ఏమీ లేదు. మొహం లేదు, చేతుల్లేవు, సుద్దగీత లేదు. ఒకటిన్నర నిమిషం. కొందరు వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ వైపు చూశారు. అమ్మ "కరెంటు పోయిందా?" అని అడిగింది. తప్పు పూర్తిగా మాది. చుక్కల్ని దాచబోయి సీనునే దాచేశాం, ఒక్కసారి కూడా వేరే తెర మీద వేసి చూసుకోలేదు. ఆ ఒకటిన్నర నిమిషం ఎంత బరువో చెప్పలేను. తర్వాత ఆ సీనుని వెలుతురు పెంచి మళ్ళీ కట్టాను, చుక్కలతో సహా. చూసింది ఐదారుగురే. ఎవరైనా కుర్రాళ్ళు సినిమా చూపించడానికి వెళ్తున్నారంటే ఇప్పటికీ ముందు అడిగేది, ప్రొజెక్టర్ మీద వేసి చూశారా అనే.

అయిపోయాక చప్పట్లు కొట్టారు. మైకు చేతికిచ్చారు. ఒకాయన లేచి, మధ్యలో తెర నల్లగా ఎందుకు ఉంచారు, ఆయన చనిపోయినట్టు సూచనా అని అడిగాడు. అవునని చెప్పి కూర్చోవచ్చు. కానీ మాస్టారు వెనక మెట్టు మీద ఉన్నాడు. కొవ్వొత్తి వెలుగులో కళ్ళు నొప్పులు పుట్టేలా ఆయన చేసిన పని అది. "అక్కడ ఒక సీను ఉందండీ, మా పొరపాటు వల్ల కనపడలేదు" అని చెప్పి, ఏం జరుగుతుందో నోటితో చెప్పాను. రెండు చొక్కాలు, వేలు ఆగడం, రెండు గీతలు ఒకే ఎత్తులో గీయడం. చెబుతుంటే మాస్టారు అక్కడే కూర్చుని గాల్లో గీత గీసి చూపించాడు. అందరూ వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. అప్పుడు కొట్టిన చప్పట్లు ఆయనవి.

బయటికొచ్చి చాయ్ తాగేటప్పుడు మాస్టారు నన్ను పక్కకి పిలిచాడు. ఆ నల్ల తెర గురించేమో అనుకున్నాను. "గింత పెద్దగ సూపిస్తవని ముందే చెప్తే దారం మార్చేటోన్ని బిడ్డా. కొత్త అంగి కాలర్ కాడ కుట్టు వంకరపోయింది, అందరికి కానొచ్చింది" అన్నాడు. మనసులో నిజంగా బాధ ఉంది. నేను ఆ సినిమాని అన్నిసార్లు చూశాను, ఆ వంకర నాకెప్పుడూ కనపడలేదు.

అప్పుడు అమ్మ దగ్గరికొచ్చింది. "అన్నయ్యగారూ, ఆ చొక్కా మా ఆయనదండీ" అంది.

మాస్టారు చాయ్ గ్లాసు గోడ మీద పెట్టేశాడు. నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. కాసేపటికి, "ఏ డిపో అమ్మా?" అన్నాడు.

"పేట డిపో. ఎక్కువ మాచర్ల రూటే."

ఇంకేమీ అడగలేదు. ముగ్గురం మాసబ్ ట్యాంక్ దాకా ఆటోలో వచ్చి కోఠీ బస్సు కోసం నిలబడ్డాం. తొమ్మిదిన్నర దాటింది, చలిగాలి మొదలైంది. మాస్టారు జేబులోంచి టేపు తీశాడు. ఎక్కడికెళ్ళినా అది ఆయన జేబులో ఉంటుంది. "ఇటు తిరుగు" అన్నాడు. వీధి దీపం కింద నన్ను నిలబెట్టి, మెడ వెనక ఎముక దగ్గర వేలు పెట్టి, కుడి భుజం దాకా కొలిచాడు. ఎడమ భుజం దాకా కొలిచాడు. టేపు మడిచి, రెండు అరచేతులూ నా భుజాల మీద ఆనించి, తల వంచి చూశాడు.

"సమానంగున్నయమ్మా" అన్నాడు, నాతో కాదు, అమ్మతో.

"ఆయన ఎప్పుడన్నా మొయ్యనిచ్చాడా!" అంది అమ్మ.

బస్సొచ్చింది. అమ్మ ముందు తలుపులోంచి ఎక్కింది, మేమిద్దరం వెనకనుంచి. కండక్టరు దగ్గరికి రాకముందే అమ్మ ముగ్గురికీ సరిపోను డబ్బులు, పైసా తేడా లేకుండా, గుప్పెట్లో లెక్కపెట్టి పట్టుకుని ఉంది. ఏ బస్సెక్కినా అంతే, చిల్లర అడగనిచ్చేది కాదు.